బుధవారాలూ శుక్రవారాలూ

ఇరవై ఆరేళ్ళ నర్సు ఉద్యోగంలో సాఫ్తా హ్రిస్కును మెచ్చుకున్న డాక్టరు ఒక్కడూ లేడు. సిరెట్ నది ఒడ్డునున్న ఆ ఆసుపత్రిలో ఆమె మంచం అంచున కూర్చుని రోగులతో మాట్లాడుతుందని ఫిర్యాదు. తను పనిచేసే నేతమిల్లు మూతపడి ఈ పనిలోకి వచ్చిన రోజు నుంచీ అదే అలవాటు, అదే చీవాట్లు.

ఆ ఏడు, ఈస్టరు ముందటి ఉపవాసాల రోజుల్లో, గొర్రెలు కాసుకునే వర్వారా అవ్వ చక్కెర జబ్బుతో చేరింది. మూడుసార్లు స్పృహ తప్పింది. సాఫ్తా ఇన్సులిన్ రెట్టింపు ఎక్కించిందని డాక్టర్ ప్లెష్కా తేల్చేశాడు. తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టమని కాగితం ఇచ్చాడు. పెడితే ఉద్యోగం పోతుంది.

సాఫ్తా చార్టు తిరగేసింది. పడిపోయింది రెండు బుధవారాలు, ఒక శుక్రవారం. వెళ్ళి మంచం మీద కూర్చుంది.

"అవ్వా, మొన్న బుధవారం పొద్దున ఏం తిన్నావు?"

"బుధ, శుక్రవారాలు నాకు ఒక్కపొద్దు కదా, తింటానా? చీకటి పడేదాకా నీళ్ళు కూడా ముట్టను. జున్నూ గుడ్డూ పక్క మంచం దానికి పెట్టాను. దానికి దేవుడి భయం లేదులే."

"సూది వేశాక తినకపోతే పడిపోవా? చెప్పొద్దూ?"

"ఎవరడిగారు? ఎప్పుడూ కూర్చునేదానివి, ఆ పొద్దున్నల్లో నువ్వూ సూది గుచ్చి పరిగెత్తావు. ఆ డాక్టరైతే నా మొహమే చూడలేదు."

ఆ మాట సాఫ్తాకు గుచ్చుకుంది. ఖాళీ పళ్ళెం చూసి తిన్నదనుకుంది తనే.

మర్నాడు ప్లెష్కా అవ్వ మంచానికి కాళ్ళవైపు నిలబడి, చార్టు చదువుతూనే అడిగాడు.

"సంతకం పెట్టారా సిస్టర్?"

"పెట్టను. ముందు ఆవిణ్ణి అడగండి, ఏం తిందో."

"ముసలాళ్ళతో కబుర్లాడటానికి కాదు నేను ఆరేళ్ళు చదివింది."

"ఆ ఆరేళ్ళలో మాట్లాడటం నేర్పలేదా నాయనా?" అంది అవ్వ. వార్డంతా కిసుక్కుమంది. ఒక్కపొద్దుల సంగతి ఆవిడే చెప్పింది.

ప్లెష్కా చెవులు ఎర్రబడ్డాయి. "ఇవాళ్టి నుంచి ఉపవాసాలు బంద్. లేదా ఇంటికి పో."

"ఎనిమిదో ఏట మొదలుపెట్టాను. నువ్వు ఆపమంటే ఆపుతానా?"

"పంపితే గొర్రెల మధ్య పడి చస్తుంది," అంది సాఫ్తా. "ఆ రెండు రోజులూ మోతాదు తగ్గించి, సూది సాయంత్రం తిండికి ముందు వేద్దాం. రాయండి."

పళ్ళు కొరుకుతూ రాశాడు. తర్వాతి బుధవారం అవ్వ పడిపోలేదు. రాత్రి చిక్కుడుగింజల పులుసు తిని, ఉప్పు లేదని వంటావిణ్ణి తిట్టింది.

గురువారం కొత్త కాగితం వచ్చింది. నర్సు తప్పు లేదని ఒక వాక్యం. రోగి వైద్యానికి సహకరించలేదని రెండోది.

"ఇప్పుడైనా పెట్టండి. మీ ఉద్యోగం దక్కిందిగా," అన్నాడు ప్లెష్కా.

సాఫ్తా రెండుసార్లు చదివి, కాగితం ఆయన చేతికే ఇచ్చింది.

"ఆ రెండోది కొట్టేసి తీసుకురండి."