తొందర మందు

పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు. ఆ చిన్న ఆసుపత్రి గొప్పంతా అదే. పేరు సర్జనుగారిది, పాట్లు మత్తు డాక్టరమ్మవి. కండరాలు సడలించే మందు ఎక్కిందంటే రోగి ఊపిరి కూడా సొంతంగా తీసుకోలేడు. అందుకే ఏ మందు వేయాలో తేల్చుకునే ముందు ఆవిడ ఇంటిల్లిపాదినీ ఆరా తీస్తుంది, బొటనవేలు బలంగా కదిలితే తప్ప గొంతులో పెట్టిన ఊపిరి గొట్టం తీయదు. సర్జనుగారు ఆవిడకు "నత్తమ్మ" అని పేరు పెట్టి, వినబడేలాగే పిలుస్తారు.

అలాంటి మనిషికే హెర్నియా వచ్చింది. ఇంతకాలం ఊరివాళ్ళ పొట్టలు కోసినాయన తన పొట్టను స్నేహితుడి కత్తికి అప్పగించక తప్పలేదు.

"నాకు పురాణం విప్పకమ్మా. నిమిషాల్లో దిగిపోయే ఆ తొందర మందు వేసెయ్. సాయంత్రం పేషెంట్లున్నారు."

"మీ ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బందయిందా అండీ?"

"మాకేంటి! రాళ్ళు తిని అరిగించుకునే వంశం."

తోడొచ్చిన అక్కగారు పకపకా నవ్వింది. "నాన్న సంగతి చెప్పవేంరా? దవడకి చిన్న ఆపరేషనంటే వెళ్ళి, తెల్లారేదాకా లేవలేదమ్మా. పాపం డాక్టర్లు గాలిసంచి నొక్కుతూ ఊపిరి పోశారట. అంత మొద్దు నిద్ర మా నాన్నది!"

డాక్టరమ్మకు నవ్వు రాలేదు. అది నిద్ర కాదు. ఆ తొందర మందును విరగ్గొట్టే పదార్థం కొన్ని కుటుంబాల రక్తంలో సరిగా ఉండదు. అందరికీ నిమిషాల్లో దిగేది వాళ్ళకు గంటలు గడిచినా దిగదు. ఆవిడ ఆ పదార్థంతో పనిలేని, నింపాదిగా దిగే వేరే మందు తీసింది.

ఆపరేషన్ అయ్యాక ఆయన బొటనవేలు పట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ వెక్కిరించిన మనిషే, అయినా ఆ వేలు కదిలేదాకా ఆవిడ నిజంగానే భయపడింది. కదిలింది. ఊపిరీ తనే పీల్చుకున్నారు. ఆవిడకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆయన కళ్ళు తెరిచి టైమెంతైందని అడిగారు.

"సాయంత్రం గంగలో కలిపావు! కక్ష తీర్చుకున్నావు," అని వార్డంతా వినేలా కేకలేశారు. మందెందుకు మార్చిందో ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఆయన అటు తిరిగి పడుకున్నారు.

కాసేపటికి గొంతు తగ్గించి పిలిచారు. "అమ్మా, రేపు మా తమ్ముడికి ఆపరేషను. పక్క ఊళ్ళో. నాన్న సంగతి అక్కడెవరైనా అడుగుతారంటావా?"

"అడక్కుండా ఎలా ఉంటారండీ?"

"అడగనివ్వడు. ఆ సర్జను నా దగ్గరే పని నేర్చుకున్నాడు," అంటూ ఫోన్ కోసం చెయ్యి చాచారు.