గులకరాళ్ల వాకిలి

మా అత్త చేలో నడుస్తూ నడుస్తూ ఆగి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పక్కనుంచి పోయేది. అక్కడ ఎలుక బొరియ ఉండేది. మా ఎర్రనేలల్లో ఒక జాతి చిన్న ఎలుక తన బొరియ నోటి చుట్టూ గులకరాళ్లు తెచ్చి పేర్చుకుంటుంది.

"తొక్కాకు, ఆయమ్మ వాకిలి" అనేది నాతో. కొత్త కోడలిని, ఎలుకను ఆయమ్మ అంటుంటే లోలోపల నవ్వుకునేదాన్ని.

పంతొమ్మిదివందల యాభైల్లో ఒక ఏడు వాన ముఖం చాటేసింది. ఇల్లు వదిలి డోన్‌కు కూలికి పోదామని మామ పొద్దున్నే బండి కట్టాడు. సామాన్లు ఎక్కించాక, చేను ఒకసారి చూసొస్తానంది అత్త. తోడుగా నేనూ వెళ్లాను. మొన్న మేకలు తొక్కి చెదరగొట్టిన గులకరాళ్లు బొరియ చుట్టూ మళ్లీ పేర్చి ఉన్నాయి. అత్త వంగి చాలాసేపు చూసింది.

ఇంటికొచ్చి, జొన్నలు విసిరే ఇసుర్రాయిని బండి మీంచి కిందికి దించింది.

"ఏందే ఇది?" అన్నాడు మామ.

"ఆయమ్మ యాడికీ పోల్యా. వాకిలి గూడా సర్దుకునింది. మనకు ఇంగా ఒక మూట జొన్నలుండాయి గదా, ఏం తొందర?"

మామ ఎద్దుల్ని విప్పాడు.

వాన ఆలస్యంగానే వచ్చింది. విత్తేరోజు, ఆ బొరియ దగ్గరికి రాగానే, అత్త చెప్పకముందే మామ గొర్రును పక్కకు తిప్పాడు.