వరస దొరకలేదు

అక్క సంవత్సరీకం కాకముందే బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, జెర ఆ పేజీలకెళ్లి మీ అక్కను తీసెయ్యి. ఆదివారం నాకు చూసిన పిల్ల తరఫోళ్లు వస్తున్నరు. వాళ్లకు చూపియ్యాలె."

పేజీ అంటే మా రెండు కుటుంబాల బంధుత్వాల చిత్రం. మనిషికొక వృత్తం, పెళ్లికీ పుట్టుకకీ ఒక్కో గీత. ఏ ఇద్దరి మీద నొక్కినా వాళ్లు ఒకరికొకరు ఏం వరసో చెబుతుంది. అక్క అడిగితే చేశాను. పెళ్లయి మెట్టుగూడ వెళ్లిన కొత్తలో ఎవరిని వదిన అనాలో, ఎవరిని చిన్నత్త అనాలో తెలియక తిప్పలు పడేది. "బేగంపేటల కూసొని గివే గీతలు గీస్తవు గదరా, నాకు సుత ఒకటి గియ్యి" అంది. ఆఫీసులో నేను గీసేది కంప్యూటర్ల మధ్య కనెక్షన్లు. పని ఒకటే.

అక్క చీరలు ఎవరెవరికో ఇచ్చేశారు, ఊరుకున్నాను. గోడ మీది ఫోటో తీసేశారు, ఊరుకున్నాను. దుఃఖంలో ఎవరి దారి వారిదని నేను చదివిన పుస్తకాలు చెప్పాయి. బావ ఫోన్ పెట్టేశాక ఆ పుస్తకాల మీద కూడా కోపం వచ్చింది.

ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్ తీసుకుని బావ వాళ్లింటికి వెళ్లాను. అక్క అత్తగారు చాయ్ ఇచ్చి, "పాప ఓణీల ఫంక్షన్ దగ్గరికొచ్చింది నాయనా. పట్టుబట్టలు మేనమామవు నువ్వే తేవాలె, యాద్ పెట్టుకో" అంది. ఆ వెంటనే, "గా పేజీ పని జెర జల్ది కానియ్యి" అంది.

బావ, నా మేనకోడలు చెరోవైపు కూర్చున్నారు. నేను తెర తుడిచాను. జావాస్క్రిప్ట్‌లో అది ఒక్క లైను కోడ్. బొమ్మంతా పోయింది. మళ్లీ గీయించాను. అక్క మళ్లీ వచ్చింది.

"ఏందీ, పోలే?" అన్నాడు బావ.

"పోయింది బొమ్మే. పేరు డేటాలో ఉంది. అక్కడ తీస్తేనే పోతుంది."

"అయితే ఆడికెళ్లే తియ్యి. పరేషాన్ చెయ్యకు."

తీశాను. ఒక కొసన ఎవరూ లేని గీతను ప్రోగ్రామ్ ఒప్పుకోదు, అందుకని ఆమెకు తగిలిన గీతలన్నీ తీయాల్సి వచ్చింది: అమ్మానాన్నలతో ఉన్నవి, బావతో ఉన్నది, పాపతో ఉన్నది. తుడిచి మళ్లీ గీయించాను. మావాళ్లంతా ఒక పక్కకు, వాళ్లంతా ఇంకో పక్కకు జరిగిపోయారు.

"మంచిగ, నీట్‌గ ఉన్నది" అన్నాడు బావ.

"నీ మీద నొక్కి, తర్వాత నా మీద నొక్కు" అన్నాను.

నొక్కాడు. 'వరస దొరకలేదు' అని వచ్చింది. బావ నవ్వాడు. "అరె, బామ్మర్దివి సుత కాదట నువ్వు!" వాళ్లమ్మ కూడా నవ్వింది.

పాప మౌస్ లాక్కుని తన మీద, నా మీద నొక్కింది. అదే మాట వచ్చింది.

"మామా, ఇది ఖరాబైందా?"

"ఖరాబ్ కాలేదు. మీ నాన్న అడిగినట్టే పని చేస్తోంది."

"పిల్ల ముంగట గిట్లనేనా మాట్లాడేది?" అంది అత్తగారు.

"తీయమన్నదీ పిల్ల ముందే కదా. చెప్పండి అత్తమ్మా, పట్టుబట్టలు ఏ వరసన తేవాలి?"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆమె పాప వైపు చూసి తల తిప్పుకుంది. బావ మాత్రం తెర మీది ఆ మాటనే చూస్తూ ఉన్నాడు.

"పెట్టు" అన్నాడు చివరికి.

"ఎవరిని?"

"మీ అక్కనే. మళ్ల పెట్టు."

ఆమె పేరు రాశాను, ఆమె గీతలన్నీ రాశాను, తెర తుడిచి మళ్లీ గీయించాను. వృత్తం పాత చోట కాకుండా ఇంకో చోట కుదురుకుంది. గీసినప్పుడల్లా అది అంతే. పాప మళ్లీ నొక్కి, "మేనమామ" అని పైకి చదివింది.

చాయ్ చల్లారిపోయింది. తాగలేదు. పిల్ల తరఫువాళ్లు వచ్చేలోపే బయటపడ్డాను.