జెస్సీ గొంతు

చర్చి సంఘంలో ప్రభువు రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య నడిచిన చేతులు నావి. ఆ చేతులతోనే ఏళ్ల తరబడి ఇంకొకటి మోస్తున్నాను. ఎక్కడ దించాలో తెలియలేదు. ప్రార్థనలో దించబోయాను. కానీ దేవునికి ముందే తెలిసిన సంగతి దేవునికి చెప్పడంలో బరువేముంది? మనిషికి చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇంతకన్నా ధైర్యం నాకు లేదు.

అప్పట్లో నేను విశ్వవిద్యాలయం కార్యాలయంలో పని చేసేవాణ్ణి. ఇల్లు తార్నాకలో. లాలాగూడలోని మా సంఘంలో పెద్దను, ఆరాధనలో డోలక్ వాయించేవాణ్ణి. యాభై దాటాక నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. పొద్దున లేస్తే రాత్రంతా బస్తాలు మోసినట్టు ఉండేది. ఫైళ్ల మీద కునుకు పట్టేది. డోలక్ మీద చెయ్యి సగం పాటలోనే జారిపోయేది. మా ఇంటామె పక్కన పరాయివాడిలా పడుకునేవాణ్ణి. కారణం లేకుండా ఏడుపొచ్చేది. ఇది ఆత్మలో చల్లారిపోవడమేనని ఉపవాసాలు చేశాను. ఇంకా నీరసపడ్డాను. చివరికి తార్నాకలో ఒక డాక్టరు రక్తం రెండుసార్లు చూసి, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ బాగా తగ్గిందన్నాడు.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఇంజెక్షన్ ఉంది, ఒంటికి రాసుకునే జెల్ ఉంది, ఏదీ వద్దనుకుంటే బరువు తగ్గించి చూడొచ్చు. మందు వాడితే రక్తం చిక్కబడవచ్చు. ప్రోస్టేట్ మీద కన్నేసి ఉంచాలి. గురక ఉంటే నిద్రలో ఊపిరి ఆగడం ఎక్కువ కావచ్చు. ఇవన్నీ తూచి చూసుకొమ్మన్నాడు.

నేను తూచాను. కానీ నేను తూచింది అవి కాదు. ఆ క్లినిక్‌లో సూది వేసే కంపౌండరు మా సంఘం మనిషి. అతని నోట్లో మాట ఆగదు. పైగా అంతకు కొన్నాళ్ల ముందే పురుషుల కూడికలో, బలానికి మాత్రలు వాడుతున్న ఒక సోదరుణ్ణి చూసి నేనే అన్నాను: "మోకాళ్లూనితే వచ్చే బలం మెడికల్ షాపుల దొరుకుతదా తమ్మీ?" అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఇప్పుడు నా మీదికి తిరుగుతుందని భయపడ్డాను. అందుకే జెల్ అడిగాను.

డాక్టరు ఇంకొకటి కూడా చెప్పాడు. రాసుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆరాక చొక్కా వేసుకోవాలి, రాసుకున్న చోట చిన్నపిల్లల్ని తాకనివ్వకూడదు. తల ఊపాను. నా చెవులు మాత్రం తలుపు వైపున్నాయి. బయట బెంచీ మీద తెలిసినవాళ్లెవరైనా కూర్చున్నారేమోనని.

ఆ జెల్ పొట్లాలు డోలక్ సంచిలో దాచాను. దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు. తెల్లవారుజామున స్నానం చేసి, భుజాలకు రాసుకుని, ఉక్కకు బనియన్ మీదే ప్రార్థనకు కూర్చునేవాణ్ణి. నా గొంతు వినబడగానే నా మనవరాలు జెస్సీ లేచి తూలుకుంటూ వచ్చేది. దానికింకా మూడేళ్లు నిండలేదు. నా ఒళ్ళో ఎక్కి, భుజానికి చెంప ఆనించి మళ్ళీ నిద్రపోయేది. దాని ఊపిరి నా మెడకు తగులుతుంటే, ఇంతకు మించిన దీవెన ఏముంటుందనుకునేవాణ్ణి.

నాకు బలం వచ్చింది. ప్రార్థనకు జవాబు దొరికిందని మా ఇంటామె సంఘం ముందు సాక్ష్యం చెప్పింది. నేను ఆమేన్ అన్నాను.

కొన్ని నెలలకు జెస్సీ ముఖం మీద మొటిమలు లేచాయి. పెదవి పైన నల్లటి నూగు వచ్చింది. చెమట పెద్దవాళ్ల వాసన కొట్టింది. తోటి పిల్లల్ని కొరికేది. గొంతు బొంగురుపోయింది. మా కోడలు సునీత దాన్ని ఎత్తుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. రక్తంలో మగ హార్మోన్ ఎక్కువుంది, ఎముకలు వయసు మించి ముదిరాయన్నారు. కడుపులో గడ్డ ఉందేమోనని మత్తిచ్చి స్కానింగ్ చేశారు. ఆ చిన్న చేతికి ఎన్నిసార్లు సూది గుచ్చారో!

ఒకరోజు సునీత ఆసుపత్రి నుంచి నేరుగా క్యాంపస్‌కు, నా దగ్గరకు వచ్చింది. సైకిల్ స్టాండ్ పక్కకు పిలిచింది.

"మామా, డాక్టరమ్మ ఒకటడిగింది. ఇంట్ల మొగోళ్లెవరన్న ఒంటికి హార్మోన్ జెల్ రాస్కుంటున్నరా అని. మీ కొడుకునడిగితే, నాకేం రోగమని కస్సుమన్నడు. మీరేమన్న..."

తల దించుకుంది. మామను అడగరాని మాట. బిడ్డ కోసం అడిగింది.

"నాకెందుకు బిడ్డా గసొంటియి? దేవుడిచ్చిన బలం సాలదా?"

"తప్పుగ అనుకోకుండ్రి మామా. ఏం దొరుకుతలేదు, అందుకే అడిగిన."

అక్కడితో ఆగి ఉంటే అది ఒక్క అబద్ధమే. ఆగలేదు.

"డాక్టర్లు గట్లనే అడుగుతరు. ముందుగాల నీ దిక్కు చూస్కో. బైబిల్ల ఒక్కడు గుడారంల సొమ్ము దాచిపెడితే జనమంత దెబ్బతిన్నది యాదిలేదా? దాచినదేమన్న ఉంటే ఒప్పుకో."

ఎవరైనా వింటున్నారేమోనని సునీత అటూ ఇటూ చూసింది. తర్వాత, "ఒకటున్నది మామా," అంది.

ఆమె నోట జెల్ అన్న మాట రాగానే నాకు తెలిసిపోయింది. తెలిసే అన్నాను. ఆ సాయంత్రమే పొట్లాలన్నీ తీసుకెళ్లి మల్కాజ్‌గిరి దారిలో చెత్తకుండీలో పారేశాను.

సునీత వారాసిగూడలో హిందువుల ఇంట పుట్టి, పెళ్ళితో మా సంఘంలోకి వచ్చిన పిల్ల. ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి ఏడుస్తూ చెప్పింది. బిడ్డకు జ్వరమొస్తే తల్లితో కలిసి పోచమ్మ గుడికి పోయానని, పసుపు పెట్టించి నల్లదారం కట్టించానని. సంఘమంతా నిట్టూర్చింది. కొన్ని నెలలు ఆమెను ప్రభువు బల్లకు, అంటే ఆ రొట్టె తీసుకోవడానికి, దూరంగా ఉంచారు. పళ్ళెం పట్టుకున్నది నేను. ఆమె ఒళ్ళో చేతులు ముడుచుకుని కూర్చునేది. నేను ఆమెను దాటి పక్కావిడకు అందించేవాణ్ణి. ఒక్కసారైనా ఎందుకు ఆగలేదు? పళ్ళెం కింద పెట్టి ఒక్క మాట ఎందుకు అనలేదు? సంఘం ఏమనుకుంటుందోనన్న భయం ఒక్కటేనా? లేక, ఆమె ఏడుపు నా పాపానికి కూడా సరిపోయిందని లోపల ఎక్కడో ఊరట పడ్డానా? రెండోదే నిజమని ఇప్పుడు అనిపిస్తోంది.

మందు ఆగింది కాబట్టి బిడ్డ తేరుకుంది. మొటిమలు మానాయి, నూగు పలచబడింది. సునీత పశ్చాత్తాపం ఫలించిందని సంఘం సంతోషించింది. కృతజ్ఞత ప్రార్థన నా చేతే చేయించారు. చేశాను. సునీత ఆ దారమే కారణమని ఈనాటికీ నమ్ముతోంది. దారం కట్టించిన తల్లితో మాటలు మానేసింది. బోనాలకు పిలిచినా పోదు. ఆ తల్లీకూతుళ్ల మధ్య గోడ కట్టింది నేనే.

నా నీరసం తిరిగొచ్చింది. ఇది నాకు శిక్ష అనుకున్నాను. అలా అనుకోవడం కూడా ఒక సుఖమే. ఇంజెక్షన్ వాడి చూడమని డాక్టరు ఇప్పటికీ అంటాడు, మంచిచెడులు మళ్ళీ చెబుతాడు. వద్దంటాను. ఎందుకో ఆయన అడగడు.

జెస్సీ ఇప్పుడు ఐదో తరగతి. గొంతు మాత్రం తిరిగి రాలేదు. మొన్న పిల్లల పాటల అభ్యాసంలో వెనక వరుసలో నిలబడి పెదవులు ఆడిస్తే చాలన్నారట. ఇంటికొచ్చి నా పక్కన కూర్చుంది.

"తాతా, నా గొంతెందుకిట్ల మొగపోరగాని లెక్కున్నది?"

"దేవుడట్లిచ్చిండు బిడ్డా," అన్నాను.

నమ్మింది. లేచి వెళ్ళి ఆడుకుంది.

సునీతకు ఇంకా చెప్పలేదు. మీకు చెప్పడం ఆమెకు చెప్పడం కాదని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

దేవుడివ్వలేదు. ఆ గొంతు దానికి నేనిచ్చాను.