నిండుకున్నాయి

మొన్న చోడవరంలో మందుల షాపుకు వెళ్తే, నా ముందు నిలబడ్డ ముసలామె "బీపీ మాత్రలు నిండుకున్నాయి బాబూ" అంది. నిండుగా ఉంటే మళ్లీ ఎందుకొచ్చావని షాపాయన ఆటపట్టిస్తూనే చీటీ అందుకున్నాడు. అయిపోయాయని దాని అర్థమని ఆయనకు తెలుసు. తలనొప్పి మాత్ర కోసం వెళ్లిన నేను మాత్రం ఏమీ కొనకుండానే బయటికొచ్చి, చెరకు లారీలు పోతుంటే రోడ్డు పక్కన నిలబడిపోయాను.

మా మేనత్తది ఈ ఊరే. ఇంట్లో అశుభం మాట పడనిచ్చేది కాదు. ఆవిడ ఇంట్లో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గాజు పగలదు, పెరుగుతుంది. పెరట్లో పాము కనబడినా అది పురుగే. ఆ పురుగు ఎంతుందో చెప్పడానికి మాత్రం రెండు చేతులూ బారజాపేది. నాన్న రైల్వే ఉద్యోగం వల్ల ఖరగ్‌పూర్‌లో పెరిగిన నాకు తెలుగు అంతంతమాత్రం. ఆవిడ మాటలకు నవ్వుకునేవాణ్నే గానీ అర్థం అడిగేవాణ్ని కాదు. అడిగితే చులకనైపోతానని ఒక వెధవ బింకం.

నాకు విశాఖలో ఉద్యోగం వచ్చాక, అప్పట్లో ఈ ఊళ్లో దొరకని ఆవిడ బీపీ మాత్రలు నెలనెలా బస్సులో పంపే పని నాదైంది. ఒకరోజు ఆఫీసు హడావిడిలో ఉండగా ఫోన్ చేసింది.

"ఒరే బాబూ, నా మాత్రలు నిండుకున్నాయిరా."

మంచిదే కదత్తా, అయితే ఈ నెల పంపక్కర్లేదు అన్నాను. ఆవిడ "సరే బాబూ, నీ వీలు సూసుకో" అని పెట్టేసింది. నేను పనిలో పడిపోయాను.

రెండు వారాలు తిరక్కుండానే పక్షవాతం వచ్చి ఆవిడకు మాట పడిపోయింది. ఆసుపత్రి వరండాలో పక్కింటావిడ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "అయిపోయేయని సెప్పు పిన్నీ అన్నాను బాబూ. ఆ మాటెందుకే, మావోడికి తెల్దేటి అంది."

ఫోన్ సరిగ్గా వినపడలేదని అందరితోనూ అబద్ధం చెప్పాను. ఆవిడ దగ్గర అది నోట రాలేదు. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, ఆ మాటకు అర్థం నాకు తెలియదత్తా, తెలిసినట్టు ఊరుకున్నాను అని చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పెదాలు కదిపింది. తిట్టిందో ఓదార్చిందో, గొంతు మాత్రం రాలేదు. రెండేళ్లు అలాగే ఉండి కన్నుమూసింది.

ఇప్పుడు నాకూ వయసు మీదపడి మాటలు ఒక్కొక్కటే మరుపున పడుతున్నాయి. ఆ ఒక్క మాట మాత్రం ఏడాదికేడాది ఇంకా బాగా అర్థమవుతోంది.