నిమ్మకీ ఉప్పుకీ మధ్య ఒక కాఫీ

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్ళు, గచ్చిబౌలిలో ఉద్యోగం, లోకంలో నాకు తెలియనిది ఏదీ లేదన్న నమ్మకం. (వీటిలో వయసు దానంతటదే పోయింది. నమ్మకం ఎలా పోయిందో చెప్పడానికే ఇదంతా. ఉద్యోగం మాత్రం ఇంకా ఉంది.) ఆ వయసులో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదు. మా ఆఫీసులో కొందరికి పరుగు పిచ్చి. పొద్దున్నే చెరువు చుట్టూ పరిగెత్తి వచ్చి, మేము అడక్కపోయినా ఎన్ని కిలోమీటర్లో చెప్పేవాళ్ళు. కొందరికి కుండీల్లో మొక్కల పిచ్చి. నాకు కాఫీ పిచ్చి పట్టింది, అదీ మామూలు కాఫీ కాదు, ఎస్‌ప్రెస్సో. నానక్‌రామ్‌గూడలో కొత్తగా తెరిచిన ఒక షాపులో, రెండు గుక్కలకు మించని ఆ నల్లటి కషాయాన్ని మొదటిసారి నోట్లో పోసుకున్నప్పుడు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. చేదుకి. కానీ చుట్టూ ఉన్న మా టీమ్ వాళ్ళంతా కళ్ళు మూసుకుని ఆస్వాదిస్తుంటే నేనూ మూసుకున్నాను. పదోసారికి నిజంగానే నచ్చింది.

అప్పుడు నేను మదీనాగూడలో అక్కాబావల ఫ్లాట్‌లో ఉండేదాన్ని. అక్క నర్సు. వార్డులో పెద్ద డాక్టర్లే ఆమె మాట వినేవాళ్ళంటే ఇంట్లో మేమెంత. బావ స్కూల్లో లెక్కలు చెప్పేవాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఉద్యోగం పర్మనెంటైన సంతోషంలో నేను ఒక ఎస్‌ప్రెస్సో మిషన్ కొని, ఒక మధ్యాహ్నం ఆ పెట్టెను లిఫ్ట్‌లో పైకి తెచ్చాను. మా వంటగట్టు మీద చోటు ఎంతని. స్టవ్, మిక్సీ, గ్రైండర్ పోగా ఒక పళ్ళెం పట్టేంత జాగా మిగిలేది. కాబట్టి అక్క డ్యూటీ నుంచి వచ్చేలోపు నేనూ బావా కలిసి గ్రైండర్‌ను బాల్కనీలోకి మోసి, దాని చోట మిషన్ పెట్టేశాం. (బావ మోశాడు. నేను తలుపు పట్టుకున్నాను.)

అక్కకి నా మీద ఎప్పటినుంచో ఉన్న అభియోగం ఒక్కటే, ఆరంభశూరత్వం. సాక్ష్యాలు ఇల్లంతా ఉండేవి. బీరువా మీద కీబోర్డు, మొదటి పాఠం వరకే పెన్సిల్ గీతలున్న జపనీస్ పుస్తకం, ఒకే ఒక చెయ్యి ఉన్న స్వెటర్. ఆ స్వెటర్‌తో బావ స్కూటర్ సీటు తుడుచుకునేవాడు. ఆ సాయంత్రం అక్క వచ్చి, గట్టును చూసి, బాల్కనీలో గ్రైండర్‌ను చూసి, కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పుకుంటూ చాలా నెమ్మదిగా ఒక మాట అంది. "ఇదీ ఆ కీబోర్డు పక్కకే చేరుద్దిలే. చేరిన రోజు నా గ్రైండర్ దాని చోటుకి అది వచ్చేస్తది. ముందే చెప్తున్నా." ఆ క్షణం నుంచి ఆ రెండడుగుల గట్టు నా పరువైపోయింది. మిషన్ ఆగితే కాఫీ ఒక్కటే కాదు, నేను ఏదీ చివరిదాకా చెయ్యలేనన్న మాట కూడా ఖాయమైపోతుంది.

మొదటి రెండు నెలలు నా దర్జా చూడాలి. పొద్దున్నే గింజలు పొడి చెయ్యడం, పిడి ఉన్న గిన్నెలో పోసి అదమడం, మీట నొక్కగానే సన్నటి ధారగా కాఫీ, దాని మీద తేనెరంగు నురగ. బావకి ఒక కప్పు, నాకు ఒక కప్పు. అక్క మాత్రం తన ఫిల్టర్ డికాషన్ వదల్లేదు. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. మా ఇంట్లో తాగడానికి క్యాను నీళ్ళు, తక్కిన సమస్తానికీ బోరు నీళ్ళు. మా బోరు నీళ్ళ గొప్పతనం ఏమిటంటే, బకెట్ రెండు రోజులు వాడితే అంచున తెల్లటి గీత పడేది, పప్పు ఉడికేది కాదు, జుట్టు కొబ్బరి పీచులా తయారయ్యేది. నేను మిషన్‌లో ఆ నీళ్ళే పోశాను. ఎలాగూ కాగేవే కదా అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అసలు కారణం క్యాను వంచడానికి బద్ధకం.

మా చర్చి సంఘంలో నెలకొక ఇంట్లో ఆదివారం సాయంత్రం ప్రార్థన కూటం జరుగుతుంది. ఆ నెల మా వంతు. చర్చి మెట్ల మీద మా పాస్టరు అయ్యగారి భార్య (మేమంతా అమ్మగారు అంటాం) ఎప్పటిలా అక్క చేతి ఫిల్టర్ కాఫీని పొగుడుతుంటే, నేను మధ్యలో దూరి ఈసారి పద్నాలుగు మందికీ కాఫీ నేనే ఇస్తానని ప్రకటించాను. అక్క నా వైపు చూసి సరేనంది. ఆమె అంత తేలిగ్గా సరేనంటేనే నాకు భయం.

కూటం ఉన్న వారమే, సరిగ్గా బుధవారం నాడు మిషన్ మొరాయించింది. మీట నొక్కితే గురక, తర్వాత చుక్క, ఇంకాసేపటికి ఇంకో చుక్క. కప్పు అడుగు తడిసేసరికి నా ఆఫీసు క్యాబ్ వచ్చేసింది. ఇక్కడ మీకు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. నేను టెస్టర్‌ని. ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టినందుకే నాకు జీతం. అలాంటిదాన్ని, నా వంటింట్లో తప్పు నేను పట్టలేనా అని ఎక్సెల్ షీట్ తెరిచి, అనుమానాలన్నీ వరసగా రాసి, ఒక్కొక్కటీ పరీక్షించాను. పొడి ముతకగా చేశాను, మెత్తగా చేశాను. గట్టిగా అదిమాను, అసలు అదమకుండా చూశాను. గింజలు మార్చాను. వీడియోల్లో గడ్డాల తెల్లదొరలు చెప్పినవన్నీ చేశాను. కంపెనీకి ఫోన్ చేస్తే చాలాసేపు సంగీతం వినిపించి, మనిషి రావడానికి పది పనిదినాలు పడుతుందన్నారు. బావ వచ్చి, ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి చూడమ్మా అన్నాడు. అది షీట్‌లో అప్పటికే నాలుగుసార్లు ఉంది.

శుక్రవారం నాకు ఇంటినుంచే పని. ఆ పొద్దున అక్క, బాత్రూమ్‌లో నీళ్ళు వేడెక్కడం లేదని గీజరన్నను పిలిచి తను డ్యూటీకి వెళ్ళిపోయింది. గీజరన్న అంటే మా అపార్ట్‌మెంట్ మొత్తానికీ గీజర్లు బాగుచేసే ఆయన. పాలమూరు వైపు మనిషి, ఎక్కువ మాట్లాడడు. ఆయన గీజర్ విప్పి, సున్నంతో పూత పూసినట్టున్న కాయిల్ బయటికి తీసి కడిగి, పెట్టేసి, చేతులు తుడుచుకుంటూ వంటింటి ముందు ఆగాడు. అక్కడ నేను ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, వీడియో మీటింగ్‌లో మా మేనేజర్ మాట్లాడుతుండగా, ఒక చేత్తో మిషన్ మీట నొక్కుతున్నాను. మిషన్ గురక విని ఆయన దగ్గరికొచ్చాడు, మూత తీసి ట్యాంకులోకి చూశాడు, అంచున వేలితో గీరి ఆ తెల్లటి పొడి నాకు చూపించాడు.

"గీజర్‌ది, దీనిది ఒకటే బీమారి మేడం. బోరు నీళ్ళు తాపిచ్చిన్రు, లోపట సున్నం పట్టింది. ఫికర్ చెయ్యకుండ్రి. నిమ్మ ఉప్పు నీళ్ళల్ల కలిపి జర సేపు నానబెట్టుండ్రి, సాఫ్ అయితది."

ఒక చెవిలో గీజరన్న, ఒక చెవిలో మేనేజర్. నేను ఇద్దరికీ కలిపి ఒకే బొటనవేలు ఎత్తి చూపించాను. ఇద్దరూ తృప్తి పడ్డారు.

మీటింగ్ అవగానే పనిలోకి దిగాను. నిమ్మ అన్నాడు, ఫ్రిజ్‌లో ఆరు నిమ్మకాయలున్నాయి, ఆరూ పిండాను. ఉప్పు అన్నాడు. ఎంతో చెప్పలేదు గనక, జబ్బు పెద్దది కదా అని మూడు చెంచాలు వేశాను. నిమ్మగింజలు వడకట్టి, నీళ్ళు కలిపి, ట్యాంకులో పోసి గంటసేపు నానబెట్టాను. ఆశ్చర్యం, మీట నొక్కితే ధార కొంచెం కదిలింది. చుక్కలు కాస్తా దారమంత అయ్యాయి. నా ఆనందం ఏమని చెప్పను. షీట్‌లో ఆ వరస మొత్తానికి, పరీక్ష పాసైందన్నట్టు, ఆకుపచ్చ రంగు పూశాను. తర్వాత మంచినీళ్ళతో ఒక్కసారి, కేవలం ఒక్కసారి, కడిగి, సాయంత్రం బావ స్కూల్ నుంచి రాగానే కప్పు చేతిలో పెట్టాను.

బావ ఒక గుక్క తాగాడు. గోడ మీది క్యాలెండర్ వైపు కాసేపు చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, బాగుందమ్మా, ఏదో కొత్తగా ఉంది, గింజలు మార్చావా అని అడిగాడు. అంత మంచివాడు. ఈలోపు అక్క వచ్చింది. ఆమె కూడా, ఎన్నడూ లేనిది, ఇలా తెమ్మని బావ కప్పు అందుకుంది. ఒక్క గుక్క. ముఖంలో ఏ మార్పూ లేదు. వార్డులో రక్తం రిపోర్టు చదివేటప్పుడు అలాగే ఉంటుందనుకుంటాను.

"ఇది ఓఆర్ఎస్," అంది. "కాస్త పంచదార కూడా కలిపావంటే రేపటినుంచి వార్డులో విరేచనాల వాళ్ళకి పోస్తాను. ఏం కలిపావే దీంట్లో?"

చెప్పాను. నిమ్మ, ఉప్పు అన్నాను. ఎవరు చెప్పారు అంటే గీజరన్న అన్నాను. అక్క ఒక్క క్షణం నన్ను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వంటింటి గడప మీద అలాగే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. మాట రాక, ఊపిరాడక, చేత్తో పై అలమర చూపించింది. బావ వెళ్ళి, అక్కడ ఆవాల డబ్బా వెనక ఉన్న చిన్న సీసా తీసుకొచ్చాడు. పంచదారలాంటి తెల్లటి పలుకులు. నేను ఏడాదిగా చూస్తూనే ఉన్నాను, పాత పంచదార అనుకున్నాను. "ఇదే నిమ్మఉప్పు," అన్నాడు బావ, తరగతిలో అందరికన్నా వెనక కూర్చున్న పిల్లకి చెప్పినట్టు. "నిమ్మకాయలు లేనప్పుడు మీ అక్క పులిహోరలో వేసేది ఇదేనమ్మా."

అక్క అంతటితో ఊరుకుంటే అక్క ఎందుకవుతుంది. అప్పటికప్పుడు గీజరన్నకు ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, జరిగింది పూసగుచ్చినట్టు చెప్పింది. అవతలి నుంచి ఆయన గొంతు, ఏ మాత్రం నవ్వు లేకుండా వచ్చింది. "నిమ్మకాయలు పిండి, ఉప్పేసిన్రా మేడం? గట్లయితే మీరు మిషన్ బాగు చెయ్యలే. దిష్టి తీసిన్రు."

నాలుగు తరాలుగా క్రైస్తవులమైన మా ఇంట్లో జరిగిన మొట్టమొదటి దిష్టి అది. ఈసారి నోట్లో నాలుక లేని బావ కూడా నవ్వాడు.

శనివారం పొద్దున అక్క నా చేతిలోని సీసా అందుకోబోయి, ఇలా తే నేను చేస్తానంది. నేను ఇవ్వలేదు. ఆ సీసా గుండెకి అదుముకుని, ఇది నేనే చేస్తాను, ఎవరూ ముట్టుకోవద్దు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అక్క నన్నొకసారి చూసి, సీసా సంగతి వదిలేసి బట్టలు ఆరేసుకోవడానికి బాల్కనీలోకి వెళ్ళిపోయింది. నేను లీటరు నీళ్ళకి రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి పోసి, మిషన్ వేడిచేసి, కాసేపు ఆగి, వదిలి, మళ్ళీ ఆగి, మళ్ళీ వదిలాను. మొదట ఏమీ లేదు. మూడోసారికి లోపలెక్కడో దగ్గినట్టు చప్పుడై, మురికి తెల్లటి నీళ్ళతో పాటు పెంకుల్లాంటి సున్నం పలుకులు రాలాయి. ఆ తర్వాత ధార. దారం కాదు, ధార. ఒక క్యాను మొత్తం వంచి (అవును, నేనే వంచాను) ఏడుసార్లు కడిగాను. ఉప్పదనం, పులుపు పోయాయో లేదో ప్రతిసారీ నేనే రుచి చూశాను. చివరికి పొడి పోసి, అదిమి, మీట నొక్కితే తేనెరంగు నురగ కప్పు నిండా లేచింది. వంటింట్లో ఎవరూ లేరు. నేను ఒక చేత్తో మిషన్‌ను పట్టుకుని, ఆ కప్పు నిలబడే తాగేశాను.

ఆదివారం కూటంలో అయ్యగారు ప్రార్థన కొంచెం పొడిగించారు. నేను కళ్ళు మూసుకుని నా ప్రార్థన నేను చేసుకున్నాను, మిషన్ కోసం. తర్వాత పద్నాలుగు కప్పులు. రెండేసి కప్పుల చొప్పున, పాలు కలిపి, వంటింటికీ హాలుకీ మధ్య నేను ఎన్నిసార్లు తిరిగానో. ఒక్క చుక్క ఆగలేదు. మా సంఘంలో ఒక పెద్దమ్మగారు ఉండేవారు, ఫిల్టర్ కాఫీ తప్ప మరో కాఫీని కాఫీ అని ఒప్పుకోని మనిషి. ఆవిడ తాగి, ఖాళీ కప్పు అడుగు చూసి, ఇంకొంచెం ఉందా అమ్మాయ్ అని అడిగారు. నాకు ఇంకేం కావాలి. కానీ అక్క లేచి నిలబడింది. కూటాల్లో దేవుడు చేసిన మేలు చెప్పుకోవడాన్ని సాక్ష్యం అంటాం. "ఒక చిన్న సాక్ష్యం మిగిలిపోయిందండీ," అంది అక్క. "మా చెల్లి ఒక పని మొదలుపెట్టి, చివరిదాకా చేసింది." పద్నాలుగు గొంతులు ఒక్కసారిగా "స్తోత్రం" అన్నాయి. విషయం తెలిసిన బావ అందరికన్నా గట్టిగా అన్నాడు.

గ్రైండర్ మళ్ళీ లోపలికి రాలేదు. అక్క దానికి బాల్కనీలోనే ఒక ప్లగ్ పెట్టించింది. పెట్టింది గీజరన్నే. పని అయ్యాక నా చేతి కాఫీ తాగి, ఇప్పుడు దిష్టి పోయింది మేడం అన్నాడు.

ఇప్పుడు నేను వేరే ఫ్లాట్‌లో ఉంటున్నాను, నా కింద కూడా ఒక టీమ్ ఉంది. నేనేదైనా చెప్తుంటే వాళ్ళలో ఎవరైనా బొటనవేలు ఎత్తితే, నేనేం చెప్పానో ఒకసారి తిరిగి చెప్పమంటాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. మిషన్ మాత్రం అదే, నెలకోసారి నేనే శుభ్రం చేస్తాను, చుక్క ఆగలేదు. అయినా అప్పుడప్పుడు, ఆరు నిమ్మకాయలు పిండి షీట్‌కి ఆకుపచ్చ రంగు పూసుకున్న ఆ పిల్ల ధీమా గుర్తొస్తే, దాన్ని మళ్ళీ ఒక్క పూటైనా చూడాలనిపిస్తుంది. ఆ ఇంటినుంచి వచ్చేసే రోజున అక్క నా సామాన్లలో ఆ సీసా పెట్టింది. దాని మీద అంటించిన చీటీ ఇంకా ఉంది, మందుల సీసాల మీద రాసే నర్సు దస్తూరీలో: నిమ్మఉప్పు. దాని కింద, చిన్న అక్షరాలతో: ఒకటే మాట.