‘పో’ దగ్గర ఆగిన టేపు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. అది ధైర్యం అనుకునేరు, కాదు. మాది కళ్యాణదుర్గం దగ్గర వాన మొహం చూడని పల్లె. మనుషులకే నీళ్ళు లేక బెంగుళూరు బస్సెక్కుతున్న ఊళ్ళో దయ్యాలు మాత్రం ఏం తాగి బతుకుతాయి, అవీ ఎప్పుడో వలస పోయి ఉంటాయని నా లెక్క. ఇప్పటికీ నా లెక్క అదే. కానీ 2003 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం జరిగింది మాత్రం ఆ లెక్కలో ఇమడటం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు మా నాయన ఎడమ చెవి సంగతి చెప్పాలి. నేను పుట్టకముందు మా చేన్లో బావి తవ్వుతూ, అడ్డొచ్చిన బండకు మందు పెట్టి పేల్చారట. బావిలో నీళ్ళు పడలేదు గానీ నాయన చెవి పడిపోయింది. అనంతపురంలో డాక్టరు పరీక్ష చేసి, ఆ చెవి ఇక అలంకారానికే అని తేల్చాడు. ఆయనతో మాట్లాడాలంటే మేమంతా కుడిపక్కన కూర్చోవలసిందే.

మా సుంకక్క మాత్రం ఎడమపక్కన కూర్చునేది. నాకంటే ఏడేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నాయన ముఖం మీద అనలేనివన్నీ ఆ వినపడని చెవిలో చెప్పుకునేది. నా మీద చాడీలు, కొత్త చీర మీద ఆశ, ఆయన చుట్ట కంపు మీద తిట్లు. “ఈ పక్క చెప్పుకుంటే ఆయప్పకు కోపం రాదు, నాకు బరువుండదు,” అని నా వైపు కన్ను గీటేది. నాయన వీధి వైపు చూస్తూ చుట్ట కాల్చుకుంటూ ఉండేవాడు.

అక్క పెళ్ళికి ఇంక వారం ఉందనగా, విత్తనాల కోసం చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, వలుస్తూ పాట పాడుతోంది. నాకప్పుడు పదమూడేళ్ళు. పక్కింటివాళ్ళ టేప్ రికార్డరు అడుక్కొచ్చి వెనక కూర్చుని రికార్డు చేశాను. పాట అయిపోయింది. మంచం మీద మాకు వీపు పెట్టి కూర్చున్న నాయన ఎడమ చెవి దగ్గరికి అక్క వంగి, “నాయనా, పో...” అంది.

టక్. టేపు అక్కడితో ఆగిపోయింది.

ఆపింది నేనే. పాట అయిపోయింది గదా అని ఆపానని అందరికీ చెప్పాను. అసలు సంగతి, పెళ్ళి సామాన్లలోంచి దొంగిలించిన బెల్లం ముక్క నా గుప్పిట్లో ఉంది. అక్క ఇటు తిరుగుతుందేమోనని భయపడి, ఆ జిగట వేలితోనే బటన్ నొక్కి రికార్డరు ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తాను. బటన్ను చొక్కాతో తుడిచి తిరిగి ఇచ్చేశాను. ఆమె మాట పూర్తిగా నేను వినలేదు. నాయనకు అది ఎలాగూ వినపడని పక్క.

అక్కను బెళుగుప్ప అవతల ఒక ఊరికి ఇచ్చాం. పది నెలలకు పచ్చకామెర్లు వచ్చాయి. కబురు అంది మేం పోయేసరికి అంతా అయిపోయింది. వాళ్ళ చేని గట్టునే సమాధి చేశారు.

దినాలు అయ్యాక నాయన ఆ టేపు పెట్టించుకుని, స్పీకరుకు కుడి చెవి ఆనించి విన్నాడు. పాటకు ఏడవలేదు. చివర ‘నాయనా, పో...’ రాగానే ముఖం మాడిపోయింది.

“పోను నాయనా అనింటాది రా. ఆ సంబంధం వద్దనింటాది. నా చెవి సచ్చి నేను ఇనల్యా.”

“పోతా అనిందేమో నాయనా. పోయొస్తా అనిందేమో,” అన్నాను.

“వారం ముందర పోయొస్తా అని ఎవురన్నా చెప్తారా?”

ఆ ఒక్క అక్షరం ఆయన్ను తినేసింది. ఆ తర్వాత అక్క ఊరి మొహం చూడలేదు. ఉరవకొండ పోవలసి వచ్చినా బెళుగుప్ప బస్సెక్కకుండా అనంతపురం మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు. నేను నా బెల్లం సంగతి మింగేసి ఊరుకున్నాను. బెల్లం అంత చేదుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత నేను కళ్యాణదుర్గంలో డీటీపీ సెంటరు పెట్టాను. అనగా ఒక గది, ఒక కంప్యూటరు, అందులో సగం నా సొంతం, సగం బ్యాంకుది. పెళ్ళిపత్రికలు టైపు చేసేవాణ్ణి. ‘చి.ల.సౌ.’ అని కొట్టినప్పుడల్లా కీబోర్డు మీద వేళ్ళు కాస్త ఆగేవి. అప్పుడే పాత టేపులను కంప్యూటర్లోకి ఎక్కించి చప్పుడు తుడిచేయవచ్చని తెలిసింది. ‘పో’ తర్వాత నోటి చప్పుడు ఏమైనా దొరికితే చాలు, అది ‘ను’ కాదని తేలితే చాలు అనుకున్నాను.

డబ్బున్నవాణ్ణి సౌండ్ పార్టీ అంటారు గదా. నేను సౌండ్ లేని పార్టీని. అయినా సౌండ్ కార్డు కోసం అనంతపురం బయల్దేరాను. అక్కడ నా స్నేహితుడు ఖాదర్ కుర్రకారుకు గేముల సెంటరు నడిపేవాడు. గేములకూ పాటలకూ మంచి హెడ్‌ఫోన్లు, ఒక కార్డు కావాలని అబద్ధం చెప్పాను.

“గేముకా, పాటకా తేల్చన్నా. రెండింటికీ అంటే ఒంటెద్దుతో రెండు సేండ్లు దున్నినట్ల,” అన్నాడు.

ఒక జత నా తలకు తగిలించి తుపాకుల గేములో కూర్చోబెట్టాడు. ఎవడో వెనక ఎడమపక్క నుంచి అడుగులో అడుగేసుకుంటూ వస్తున్న చప్పుడు. నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. గోడ మీద క్యాలెండరు ఉంది. ఈలోగా తెర మీద నన్ను కాల్చేశారు. ఖాదర్ కడుపు పట్టుకుని నవ్వాడు.

“ఇది గేముకన్నా. ఎవుడు యాపక్క నుంచి వస్తాండాడో చెప్తాది. కానీ దీంట్లో దబదబ జాస్తి, మనిషి గొంతును మింగేస్తాది. ఇంగోటి ఉండాది సూడు, దీనికి సోకు లేదు. ఉండేది ఉన్నట్ల చెప్తాది. పాటకు ఇదే.”

“మాటకు?” అని అడిగాను.

అతను నా ముఖంలోకి చూశాడు. అక్క సంగతి చెప్పాను, బెల్లం తప్ప. నవ్వు ఆపేసి ఆ సోకులేని జతే చేతిలో పెట్టాడు. కంప్యూటర్లో పుట్టుకతో ఉన్న సౌండు ఫ్యాను రొదను కూడా కలిపి ఎక్కిస్తుందని, విడిగా కార్డు పెడితే టేపులో ఉన్నదే వస్తుందని చెప్పి ఒక కార్డు తీసిచ్చాడు.

ఇంట్లో నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏం కార్డప్పా ఇది? తెల్లకార్డు ఇంట్లో ఉండాది గదా.”

“సౌండు కార్డు నాయనా.”

“దీనికి నెలకు ఎన్ని కిలోలు ఇస్తారు?”

పది రోజులు ఆ టేపుతోనే కూర్చున్నాను. రొద తగ్గేకొద్దీ ఎన్నడూ వినని చప్పుళ్ళు బయటికొచ్చాయి. చెనిక్కాయ పొట్టు చిట్లడం, అక్క గాజులు, మంచం కిర్రుమనడం. ‘నాయనా’ అనే ముందు ఆమె ఊపిరి పీల్చింది కూడా వినిపించింది. తెర మీద ఆమె గొంతు పచ్చని అలల్లా కనిపించేది. ‘పో’ దగ్గర ఒక పొడుగాటి గీత, అదే నా వేలి చప్పుడు. ఆ తర్వాత ఖాళీ టేపు పదకొండు నిమిషాలు. తెర మీద తిన్నని గీత. ఎంత పెంచినా ఇసుక రాలినట్టు సన్నని రొద తప్ప ఏమీ లేదు. మా వైపు హెడ్‌ఫోనును హెడ్‌పోను అంటారు. ‘పోను’ కాదని తేల్చుకోవడానికి నేను కొనుక్కొచ్చింది మళ్ళీ ‘పోను’నే.

ఆ మధ్యాహ్నం నాయన సబ్సిడీ విత్తనాల వరసలో నిలబడి అలిసిపోయి మా సెంటరుకు వచ్చాడు. అక్క గొంతు బాగా తేటగా వచ్చింది వింటావా అన్నాను. హెడ్‌ఫోన్లు తలకు తగిలించి, పాట మొదలుపెట్టాను.

ఆయన కాసేపు విన్నాడు. తర్వాత కుడిపక్క దాన్ని చెవి మీది నుంచి పైకి నెట్టేసి, ఎడమపక్క దాన్ని అరచేత్తో గట్టిగా అదుముకున్నాడు.

“నాయనా, ఆ చెవి కాదు,” అన్నాను. ఊరుకోమన్నట్టు చెయ్యెత్తాడు.

నేను తెర చూస్తున్నాను. పాట అయిపోయింది. నా వేలి గీత దాటిపోయింది. తిన్నని గీత మొదలైంది. అప్పుడు నాయన “ఊ” అన్నాడు. కాస్త ఆగి మళ్ళీ “ఊ.” ఎవరో పక్కన కూర్చుని తీరిగ్గా చెబుతుంటే కొట్టే ఊ అది. ఒకసారి తల అడ్డంగా ఊపాడు. ఒకసారి నవ్వాడు, ఆయన నవ్వు నేను చూసి ఏడేళ్ళయింది. పదకొండు నిమిషాలూ అలాగే. ఫైలు చివరికి వచ్చి ఆగిపోయింది. నాయన ఇంకా ఊ కొడుతూనే ఉన్నాడు. ఎంతసేపో నేను చూసుకోలేదు.

చివరికి తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

“ఏం ఇన్నావు నాయనా? టేపు ఎప్పుడో అయిపాయ.”

“ఆయమ్మి ఎప్పుడూ ఈ పక్కనే గదప్పా చెప్తాండె,” అన్నాడు.

ఆ ఒక్కసారే కాదు, అక్క ఎప్పుడూ అటుపక్కనే కూర్చుని చెప్పుకునేదని ఆయనకు తెలుసని మాకెవరికీ తెలియదు.

“ఏం చెప్పినాది?”

కండువా దులుపుకుని లేచాడు. గడప దగ్గర ఆగాడు. “నీ సంగతి ఒగటి చెప్పినాది. బెల్లం ముక్క కోసరం టేపు ఆపినాడు, పిల్లోడు, ఏమనొద్దు, పోనీలే నాయనా అనె.”

మిగతాది ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. “నీకు చెప్పాల్నంటే నీకే చెప్తాండ్లేదా?” అనేవాడు. మరుసటి రోజు పొద్దున్నే బెళుగుప్ప బస్సెక్కాడు. సాయంత్రం తిరిగొచ్చాక చూస్తే ధోవతి మోకాళ్ళ దగ్గర ఎర్రమన్ను అంటి ఉంది.

నేను నా వంతు ఆలోచించకుండా లేను. ఒక చెవికి పెట్టిన చప్పుడు ఎముక గుండా రెండో చెవికి చేరుతుందని ఖాదర్ చెప్పాడు. పాట వరకు సరే. పాట తర్వాత చేరడానికి అక్కడ చప్పుడే లేదు. ఆ రోజు నాయన నా బెల్లం చూశాడేమో, మా ఇద్దరి బరువూ దించడానికి ఈ మాట అల్లాడేమో అనీ అనుకున్నాను. కానీ ఆయన మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పైగా మా నాయనకు అబద్ధమాడటం చేతకాదు. వచ్చి ఉంటే చెనిక్కాయల దళారీ దగ్గర ఏటేటా మోసపోయేవాడు కాదు.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ సౌండ్ కార్డు పట్టే కంప్యూటర్లు ఇప్పుడు లేవు. ఫైలు మాత్రం ఫోన్లో దాచుకున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కుడిచెవి మూసుకుని ఎడమ చెవితో వింటాను. పాట అయిపోతుంది. “నాయనా, పో...” అంటుంది. టక్. తర్వాత పదకొండు నిమిషాలూ కూర్చుంటాను. ఎక్కడైనా అవసరం పడుతుందేమోనని మధ్యలో ఒకటి రెండుసార్లు ఊ కూడా కొడతాను.

ఏమీ వినపడదు. నాకు రెండు చెవులూ బాగానే పనిచేస్తాయి. లోపం అదేనేమో.